పదికి ఎంత అలసట? ఏ రోజు లెక్క అది?

క్యాన్సర్‌కు ఇచ్చే కీమో మందు మూడో సైకిల్ (ఒక డోసు నుంచి తర్వాతి డోసు దాకా ఉండే గడువు, ఇక్కడ మూడు వారాలు) కోసం వచ్చిన మనిషిని నర్సు అడుగుతుంది: "అలసట సున్నా నుంచి పది దాకా ఉందనుకుంటే, మీకెంత ఉంది?" ఆయన కాసేపు ఆలోచించి "మూడు" అంటారు. కాగితం మీద 3 పడుతుంది. స్వల్పం అని అర్థం. డాక్టరు చూస్తారు, ఫర్వాలేదనుకుంటారు, తర్వాతి డోసు ఎక్కుతుంది. అయితే ఆ ప్రశ్న అడిగింది గడిచిన సైకిల్‌లో ఇరవై ఒకటో రోజున. మందు ఎక్కించిన నాలుగో రోజున ఇదే మనిషి పళ్ళు తోముకోవడానికి లేచి, మధ్యలోనే కూలబడి, మళ్ళీ మంచం ఎక్కి ఉండవచ్చు. ఆ రోజు ఆయన్ని ఎవరూ అడగలేదు.

కీమో అలసటను కొలవడంలో నాకు కనిపించే అతి పెద్ద లోపం ఇదే. ఇది నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు, ఏర్పాటులోనే ఉంది. ఒంట్లో రక్తకణాలు కోలుకున్నాకే తర్వాతి డోసు ఇస్తారు. అంటే రోగి ఆసుపత్రికి వచ్చే రోజు, దాదాపుగా ఆ సైకిల్‌ మొత్తంలో ఆయన బాగా ఉండే రోజు. మన కొలతలన్నీ ఆ ఒక్క మంచి రోజునే జరుగుతాయి. అందుకే ఏ స్కోరు చూసినా నేను ముందు అడిగేది రెండే: ఇది సైకిల్‌లో ఎన్నో రోజు? ఏ మాటతో అడిగారు? ఆ రెండూ తెలియకపోతే ఆ అంకెతో ఏమీ చేయలేం.

మాట దగ్గరే మొదలవుతుంది తేడా

క్యాన్సర్ అలసటకు వైద్యంలో వాడే నిర్వచనంలో మూడు లక్షణాలు ముఖ్యం. చేసిన పనికీ, కలిగిన అలసటకూ పొంతన ఉండదు. విశ్రాంతి తీసుకున్నా పూర్తిగా పోదు. రోజూ చేసుకునే పనులకు అడ్డం పడుతుంది. పైగా అది ఒంటికే పరిమితం కాదు. మనసుకూ, ఆలోచనకూ పాకుతుంది. పేపరులో ఒక పేరా మూడుసార్లు చదివినా ఎక్కకపోవడం, ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పడమే బరువనిపించడం కూడా దానిలో భాగమే.

తెలుగులో "అలసట" అనగానే పని గుర్తొస్తుంది. పొద్దస్తమానం పని చేసి అలసిపోయాం, పడుకుంటే పోయింది: ఆ మాటకు మనందరికీ తెలిసిన అర్థం అది. మంచం దిగని మనిషిని "అలసటగా ఉందా?" అని అడిగితే "నేనేం పని చేశాను అలసిపోవడానికి?" అనే జవాబు వస్తుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. మన మాటే తప్పు.

"నీరసం" అందరికీ అర్థమవుతుంది, కానీ అది చాలా వెడల్పాటి మాట. తిండి సరిపోకపోయినా నీరసమే, జ్వరం వచ్చి తగ్గినా నీరసమే. "బలహీనత" అంటే కండరాల వైపు వెళ్తుంది. కింద కూర్చున్న మనిషి చేతి ఊత లేకుండా లేవలేకపోతే అది స్టెరాయిడ్ల వల్ల తొడ కండరాలు సన్నబడటం కావచ్చు. కాళ్ళలో తిమ్మిరితో నడక తడబడితే నరాల దెబ్బ కావచ్చు. "ఆయాసం" కొందరికి ఊపిరాడకపోవడం, కొందరికి మామూలు అలసటే. ఆ మాట వినిపిస్తే వెంటనే "ఊపిరి అందట్లేదా?" అని విడదీసి అడగాలి, ఎందుకంటే ఆ దారిలో రక్తహీనత, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ, గుండె బలహీనపడటం లాంటివి ఉన్నాయి. "మగత" అంటే నిద్ర వైపు. వాంతులు ఆగడానికి ఇచ్చే ఓలాంజపిన్, అలెర్జీ రాకుండా ముందుగా ఇచ్చే యాంటీహిస్టమిన్, నొప్పికి ఇచ్చే మార్ఫిన్ జాతి మందులు, ఇవన్నీ మగత తెస్తాయి. "నిస్సత్తువ", "ఓపిక లేకపోవడం": ఇవి రెండూ మనం కొలవాలనుకుంటున్న దానికి అన్నిటికంటే దగ్గర. రోగులు తమంతట తాము చెప్పేటప్పుడు కూడా "ఒంట్లో ఓపిక లేదు" అనే అంటారు.

కాబట్టి రోజువారీ వాడకానికి నేను సూచించే ప్రశ్న ఇలా ఉంటుంది: "గడిచిన 24 గంటల్లో, పని చేసినా చేయకపోయినా సరే, ఒంట్లో ఓపిక లేనట్టు, నిస్సత్తువగా అనిపించింది కదా, అది బాగా ఎక్కువైనప్పుడు ఎంత? అసలు లేకపోతే సున్నా, అంతకు మించి ఊహించలేనంత ఉంటే పది." మొదట్లో కాస్త పొడవనిపిస్తుంది. రెండో రోజుకు రోగికి అలవాటైపోతుంది.

ఒక చిక్కు చాలామంది గమనించరు. "పదికి ఎంత" అనగానే మనకు పరీక్ష మార్కులు గుర్తొస్తాయి. పదికి పది అంటే మంచిదని బడి రోజుల నుంచీ నాటుకుపోయింది. బాగా ఉన్న రోజున "తొమ్మిది" అని, చెడ్డ రోజున "రెండు" అని చెప్పేవాళ్ళు ఉంటారు. మొదటిసారి అడిగినప్పుడు తప్పనిసరిగా ఎదురుప్రశ్న వేయాలి: "మూడు ఉన్న రోజు కష్టమా, ఏడు ఉన్న రోజు కష్టమా?" ఏడు అంటేనే ముందుకు వెళ్ళాలి. గీత మీద అంకెలు నిలువుగా, నిచ్చెనలా రాసి చూపితే కొందరికి తేలిక. కాకపోతే పైమెట్టు పక్కన "అస్సలు ఓపిక లేదు" అని అక్షరాల్లో రాసి ఉంచాలి, లేకపోతే పైన ఉన్నది మంచిదనే అపోహ మళ్ళీ వస్తుంది.

ఈ సొంత ప్రశ్న ఇంట్లో డైరీకి, వార్డులో జల్లెడకు, అంటే ఎవరికి అలసట ఎక్కువుందో ముందుగా వడపోయడానికి, పనికొస్తుంది. పరిశోధనకో, వేరే చోటి ఫలితాలతో పోల్చడానికో అయితే నిరూపితమైన ప్రశ్నావళిని ఒక్క అక్షరం మార్చకుండా వాడాలి. తెలుగు రూపం ఉందేమో ముందు దాని హక్కుదారులను అడగాలి. లేకపోతే అనుమతి తీసుకుని, ఇద్దరు విడివిడిగా తెలుగులోకి మార్చి, మూడో మనిషి తిరిగి మూలభాషలోకి మార్చి, చివరికి కొందరు రోగుల చేత చదివించి "ఈ ప్రశ్న మీకెలా అర్థమైంది?" అని వాళ్ళ మాటల్లో చెప్పించుకోవాలి. ఈ ఆఖరి మెట్టునే ఎక్కువగా వదిలేస్తారు. మాట తప్పు బయటపడేది మాత్రం అక్కడే.

ఏ ప్రశ్నావళి ఏం కొలుస్తుంది

జల్లెడకు ఒక్క అంకె చాలు. 0 నుంచి 3 దాకా లేదు లేదా స్వల్పం, 4 నుంచి 6 మధ్యస్థం, 7 నుంచి 10 తీవ్రం. 4గానీ అంతకంటే ఎక్కువగానీ ఉంటే కారణాలు వెతకాలి. ఇది విస్తృతంగా వాడుకలో ఉన్న హద్దు.

కొంచెం లోతుగా కావాలంటే బ్రీఫ్ ఫెటీగ్ ఇన్వెంటరీ ఉంది. అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ వాళ్ళు తయారుచేశారు, 1999లో ప్రచురితమైంది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కొక్కటీ 0 నుంచి 10. మొదటి మూడూ తీవ్రత గురించి: ఇప్పుడు ఎంత, గత 24 గంటల్లో మామూలుగా ఎంత, గత 24 గంటల్లో అత్యధికంగా ఎంత. మిగతా ఆరూ అడ్డంకి గురించి: మొత్తమ్మీద చేసే పనులు, మానసిక స్థితి, నడక, బయటి ఉద్యోగంతో పాటు ఇంటి పని, ఇతరులతో సంబంధాలు, జీవితంలో ఆనందం. తొమ్మిదింటి సగటే స్కోరు. కనీసం ఐదు ప్రశ్నలకు జవాబుంటేనే సగటు కట్టాలి.

లెక్క చేసి చూద్దాం. తీవ్రత జవాబులు 5, 6, 8. అడ్డంకి జవాబులు 6, 4, 5, 7, 3, 4. మొదటి మూడూ కలిపితే 19, తర్వాతి ఆరూ 29, మొత్తం 48. తొమ్మిదితో భాగిస్తే 5.3. సగటు చూస్తే మధ్యస్థం. కానీ "అత్యధికంగా" అన్న ప్రశ్నకు 8 ఉంది, అది 7 దాటింది కాబట్టి తీవ్రం కిందికి వస్తుంది. సగటొకటే రాసి పంపితే ఆ 8 మాయమైపోతుంది. అందుకే సగటు పక్కన అత్యధిక అంకెను కూడా విడిగా రాయాలని నేను పట్టుబడతాను.

ఫాసిట్-ఫెటీగ్ అనే మరో ప్రశ్నావళి దారి వేరు. పదమూడు వాక్యాలు, గడిచిన ఏడు రోజుల గురించి, ఒక్కొక్కదానికీ 0 (అసలు లేదు) నుంచి 4 (చాలా ఎక్కువ). మొత్తం 0 నుంచి 52. ఇక్కడ ఎక్కువ స్కోరు అంటే తక్కువ అలసట. దీన్ని మరచిపోయి పట్టికను తలకిందులుగా చదివేవాళ్ళున్నారు. పదమూడింటిలో పదకొండు వాక్యాలు ఇబ్బందిని చెప్పేవి, వాటి జవాబును 4 నుంచి తీసేయాలి. రెండు మాత్రం మంచిని చెప్పేవి, ఒంట్లో శక్తి ఉందని ఒకటి, రోజూ చేసే పనులు చేసుకోగలుగుతున్నానని మరొకటి. వాటిని ఉన్నదున్నట్టు కలపాలి.

దీనిలోనే ఒక గొయ్యి ఉంది. ఓపిక లేని మనిషి ప్రశ్నలు చదవకుండా ఒకే నిలువు వరుసలో, అన్నిటికీ "అసలు లేదు" దగ్గర టిక్కు పెట్టుకుంటూ పోయారనుకోండి. పదకొండు వాక్యాలకు నాలుగేసి చొప్పున 44 వస్తుంది, మిగతా రెండింటికీ సున్నా. మొత్తం 44. ఆరోగ్యవంతుల స్థాయి! కానీ అదే కాగితం మీద "నాకు శక్తి ఉంది" అన్న వాక్యానికి "అసలు లేదు" అని ఉంది. అంటే అన్నిటికంటే అలసిపోయిన మనిషే అన్నిటికంటే బాగా ఉన్నట్టు లెక్కకెక్కుతారు. కాగితం చేతిలోకి తీసుకోగానే ఆ రెండు మంచి వాక్యాల జవాబులను మిగతావాటితో పోల్చి చూడండి. పొంతన లేకపోతే, మనిషి ఎదురుగా ఉండగానే, నెమ్మదిగా చదివి వినిపించి మళ్ళీ అడగండి.

కొన్ని వదిలేస్తే కూడా లెక్క ఉంది. సగానికి పైగా జవాబులుంటే, వచ్చిన మొత్తాన్ని 13తో హెచ్చించి, జవాబిచ్చిన ప్రశ్నల సంఖ్యతో భాగించాలి. పదకొండింటికి జవాబిచ్చి, తిప్పాల్సినవి తిప్పాక మొత్తం 22 వస్తే, 22 × 13 ÷ 11 = 26. పట్టించుకోవాల్సిన అలసటకు తరచూ వాడే హద్దు 34, దానికంటే ఇది బాగా కింద ఉంది. బృందాల మధ్య 3 నుంచి 4 పాయింట్ల తేడా ఉంటే అది రోగులకు తెలిసేంత మార్పని పరిగణిస్తారు. ఆ లెక్క సగటులకు చెప్పింది. ఒక్క మనిషి స్కోరు ఒకసారి 3 పాయింట్లు కదిలిందని మందు మార్చకూడదు.

యూరప్‌లోని క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ వారి క్యూఎల్‌క్యూ-సీ30 జీవన నాణ్యత ప్రశ్నావళి. దాని ముప్పై ప్రశ్నల్లో మూడే అలసటవి: విశ్రాంతి కావాల్సి వచ్చిందా, బలహీనంగా అనిపించిందా, అలసిపోయారా. 1 నుంచి 4 దాకా జవాబులు. మూడింటి సగటులోంచి 1 తీసి, 3తో భాగించి, 100తో హెచ్చిస్తే 0 నుంచి 100 స్కోరు. జవాబులు 3, 2, 3 అయితే 55.6. ఇక్కడ ఎక్కువ అంటే ఎక్కువ అలసటే. ఇది ఒంటి అలసటనే పట్టుకుంటుంది. మనసు, ఆలోచన వైపు కూడా కావాలంటే అదే సంస్థ వారి పన్నెండు ప్రశ్నల ఎఫ్ఏ12 ఉంది. ఇరవై ప్రశ్నల ఎంఎఫ్ఐ అనే ప్రశ్నావళి అయితే అలసటను ఐదు పాయలుగా విడదీస్తుంది. అది పరిశోధకులకు ఇష్టం. కీమో రోజున, చేతికి సూది ఉన్న మనిషికి ఇరవై ప్రశ్నలు ఇవ్వడం మాత్రం నాకు న్యాయంగా తోచదు.

డాక్టర్లు కేసు షీటులో రాసే గ్రేడు వీటన్నిటికీ వేరు. చికిత్స దుష్ప్రభావాలకు గ్రేడులిచ్చే సీటీసీఏఈ పద్ధతిలో విశ్రాంతితో తగ్గితే గ్రేడు 1, తగ్గకుండా వంట, సరుకులు, డబ్బు లెక్కల్లాంటి పనులకు అడ్డమైతే 2, స్నానం, బట్టలు, తిండి లాంటి సొంత పనులకే అడ్డమైతే 3. అంతకు మించి గ్రేడు లేదు. ఇది చూసేవారి తీర్పు. రోగి చెప్పే తీవ్రతకంటే తరచుగా తక్కువే పడుతుంది. డోసు నిర్ణయాలకు ఇది అవసరమే, కానీ రోగి అంకెకు బదులు దీన్ని వాడకూడదు.

ఏ రోజున, ఏ వేళకు

మూడు వారాలకోసారి ఇచ్చే కీమోలో అలసట సాధారణంగా మొదటి వారంలో ఎక్కువై, తర్వాత దిగుతూ వస్తుంది. మందు ఎక్కించిన రోజూ, మర్నాడూ చాలామంది చురుగ్గానే ఉంటారు. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ చేసే పని అది. నిద్ర కూడా పట్టనివ్వదు. ఆ స్టెరాయిడ్ ఆగగానే, మూడో రోజుకో నాలుగో రోజుకో ఒక్కసారిగా కుంగిపోతారు. "నిన్నటిదాకా బాగానే ఉన్నాను, ఏమైందో తెలియదు" అని భయపడతారు. ముందుగా చెప్పి ఉంచితే ఆ భయం సగం తగ్గుతుంది.

కొలిచే రోజును దీన్నిబట్టి ఎంచుకోవాలి. ఏడు రోజుల గురించి అడిగే ప్రశ్నావళిని ఇరవై ఒకటో రోజున ఇస్తే అది పదిహేను నుంచి ఇరవై ఒకటి దాకా, అంటే మంచి వారాన్నే కొలుస్తుంది. అదే ఎనిమిదో రోజున ఇస్తే చెడ్డ వారం మొత్తం దానిలోకి వస్తుంది. 24 గంటల గురించి అడిగేదైతే మూడు, నాలుగు, ఐదు రోజుల్లో ఫోనులోనే అడగవచ్చు. వారం వారం ఇచ్చే మందుల్లో ఇంత స్పష్టమైన శిఖరం ఉండదు. మెల్లగా పేరుకుంటూ పోతుంది. అక్కడ వారంలో ఒకే రోజును ఖాయం చేసుకుంటే చాలు. రోజూ మింగే మాత్రలైనా అంతే.

మొదటి డోసుకు ముందు కొలత లేకపోతే మిగతావన్నీ గాలిలో ఉంటాయి. ఆపరేషన్ వల్లో, జబ్బు వల్లో, నిద్రలేని రాత్రుల వల్లో కీమో మొదలుకాక ముందే అలసట ఉన్నవాళ్ళు చాలామంది. దాన్ని రాసిపెట్టుకోకపోతే అదంతా మందు ఖాతాలో పడుతుంది.

వేళ కూడా ముఖ్యం. పొద్దున్న ఒక రోజు, రాత్రి ఒక రోజు అడిగితే ఆ తేడా మందుదో, వేళదో చెప్పలేం. సాయంత్రం, రాత్రి భోజనానికి ముందు ఒకే గంటను ఖాయం చేసుకోవడం మంచిది. ఆసుపత్రిలో అయితే యాంటీహిస్టమిన్ ఎక్కించాక అడగకూడదు, ఎందుకంటే అప్పుడు వచ్చేది మగత స్కోరు. స్కాన్ ఫలితం చెప్పాక కూడా అడగకూడదు. లోపలికి రాగానే, డాక్టరును కలవకముందే కాగితం ఇవ్వాలి.

ఇంట్లో డైరీ

పెద్ద పుస్తకం అక్కర్లేదు. సైకిల్‌కి ఒక పేజీ, 21 అడ్డ వరుసలు. తేదీ, సైకిల్‌లో ఎన్నో రోజు, అత్యధిక అలసట, మామూలు అలసట, పగలు పడుకున్న గంటలు, రాత్రి నిద్ర గంటలు, జ్వరం, కొత్తగా మొదలైన లేదా ఆగిన మందు. ఇవి చాలు. ఇంకో రెండు గడులు పెంచితే రెండో వారానికి డైరీ మూలన పడుతుంది.

దీనికి తోడు ఒక్కటి చేయమంటాను. కీమో మొదలయ్యే ముందు రోగి తన రోజులోంచి మూడు పనులు ఎంచుకోవాలి: ఒకటి తేలిక, ఒకటి మధ్యరకం, ఒకటి కష్టం. తల దువ్వుకోవడం, స్నానం చేయడం, రెండంతస్తుల మెట్లు ఎక్కడం అనుకోండి. రోజూ అంకె పక్కన ఆ మూడింటికీ మూడు గుర్తుల్లో ఒకటి పెట్టాలి: చేశాను, మధ్యలో ఆగి చేశాను, చేయలేదు. ఎందుకంటే నెలలు గడిచేకొద్దీ మనిషి కొలబద్దే మారిపోతుంది. మొదటి సైకిల్‌లో 7 అన్న స్థితిని ఐదో సైకిల్‌లో "ఇది మామూలే" అనుకుని 5 అంటారు. అంకె తగ్గినట్టు కనిపిస్తుంది, స్నానం మాత్రం ఇప్పటికీ కూర్చునే చేస్తున్నారు. ఆ మూడు పనులు అలా మారవు.

పేజీ నిండాక మూడు సంగతులు తీయాలి. శిఖరం ఎంత, ఏ రోజున. 4గానీ అంతకంటే ఎక్కువగానీ ఉన్న రోజులు ఎన్ని. తర్వాతి డోసుకు ముందు మూడు రోజుల సగటు ఎంత. నా దృష్టిలో ఈ మూడోది అన్నిటికంటే విలువైనది. శిఖరం ప్రతిసారీ 8 ఉన్నా చివరికి 1కి దిగుతుంటే ఒళ్ళు కోలుకుంటోంది. మొదటి సైకిల్ చివర 1, రెండో దాని చివర 3, మూడో దాని చివర 4 అయితే అలసట పేరుకుంటోంది. శిఖరం మారకపోయినా ఇది మాట్లాడాల్సిన విషయం. ఒక్క రోజు ఒక అంకె పెరిగిందా తగ్గిందా అని చూస్తూ కూర్చోవద్దు. అంత ఊగిసలాట అందరికీ ఉంటుంది.

రాయలేకపోయిన రోజును ఖాళీగా వదలాలి. మర్నాడు గుర్తు తెచ్చుకుని నింపకూడదు, ముఖ్యంగా ఆసుపత్రికి బయలుదేరే ముందు వారం మొత్తాన్ని ఒకే పెన్నుతో నింపకూడదు. ఖాళీ గడి కూడా మాట్లాడుతుంది. అలసట ఎక్కువైన రోజునే రాయబుద్ధి కాదు కాబట్టి ఖాళీలను పక్కనపెట్టి సగటు తీస్తే అలసట ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. పరిశోధనల్లో కూడా ఇదే జరుగుతుంది: బాగా దెబ్బతిన్నవాళ్ళు మధ్యలో మానేస్తారు, మిగిలినవాళ్ళ సగటు మెరుగుపడుతుంది, మందు తేలిగ్గా ఉన్నట్టు తోస్తుంది. ఎంతమంది జవాబివ్వలేదో, ఏ రోజున ఇవ్వలేదో చెప్పని పట్టికను నమ్మవద్దు.

రోగి చెప్పలేనప్పుడు ఇంట్లోవాళ్ళు చెప్పవచ్చు, కానీ అది "ఇంట్లోవాళ్ళు చెప్పింది" అని పక్కన రాయాలి. దగ్గరివాళ్ళు సాధారణంగా ఎక్కువ వేస్తారు, వైద్య సిబ్బంది తక్కువ వేస్తారు. ఒక సైకిల్‌లో రోగి, మరో సైకిల్‌లో కూతురు చెబితే ఆ రెండంకెలనూ ఒకే గీత మీద కలపకూడదు.

చేతి గడియారం లెక్కించే అడుగులు, ఆరు నిమిషాల నడక, పిడికిలి బలం, ఇవి కూడా కొలతలే, కానీ కొలిచేది వేరేదాన్ని. వీటికీ, రోగి చెప్పే అలసటకూ పొంతన అంతంతమాత్రం. పదివేల అడుగులు వేసి 8 అనేవాళ్ళుంటారు, ఎందుకంటే వాళ్ళకు ఆ రోజు ఇంకెవరూ దిక్కులేరు. అడుగులు ఎక్కువున్నాయని "మీకంత అలసట లేదులెండి" అనడం అన్యాయం.

అంకె 4కి చేరితే

కొలిచి ఊరుకుంటే రోగి ఇక నిజం చెప్పడం మానేస్తారు. అడిగినవాళ్ళు జవాబుతో ఏదో ఒకటి చేయాలి. ఎప్పుడు మొదలైంది, రోజులో ఏ వేళ ఎక్కువ, ఏం చేస్తే తగ్గుతుంది, ఏ పని ఆగిపోయింది అని అడిగాక, సరిచేయగలిగే కారణాలు వెతకాలి: నొప్పి, నిద్ర, తిండి, రక్తహీనత, మనసు కుంగిపోవడం, థైరాయిడ్, సోడియం, మెగ్నీషియం, కొత్త మందులు, వేరే జబ్బులు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు మెగ్నీషియాన్ని మూత్రంలో పోగొడుతుంది. ఇమ్యూనోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి రేపే మందులు) కలిపి ఇస్తుంటే థైరాయిడ్‌తో పాటు అడ్రినల్ గ్రంథి కూడా దెబ్బతినవచ్చు.

రక్తహీనత మీదే అందరి చూపూ పోతుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. కాబట్టి కీమో వల్ల హిమోగ్లోబిన్ సైకిల్ తర్వాత సైకిల్ మెల్లగా దిగుతుంది. మొదటి సైకిల్ నాలుగో రోజున కుంగిపోవడానికి అది కారణం కాదు. నాలుగో సైకిల్‌లో చివరి వారం అంకె కూడా దిగకపోతే, మెట్లెక్కితే ఊపిరి అందకపోతే, అప్పుడు హిమోగ్లోబిన్ వైపు చూడటం సబబు. డెసిలీటరుకు 11 గ్రాములు గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నా, మొదట్లో ఉన్నదానికంటే 2 గ్రాములు దిగినా కారణం వెతకాలి. డైరీలో రోజు నంబరు ఉంటేనే ఇలా విడదీయగలం.

మనసు కుంగిపోవడాన్ని వేరు చేయడం కష్టం. కుంగుబాటును కొలవడానికి వాడుకలో ఉన్న తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9లో నిద్ర, అలసట, ఆకలి మీద ఒక్కో ప్రశ్న ఉంది. కీమోలో ఆ మూడూ ఎలాగూ దెబ్బతింటాయి, స్కోరు దానంతటదే పెరుగుతుంది. నేనైతే ఒక చిన్న ప్రశ్న కలుపుతాను: "చేయాలని ఉండి ఓపిక లేదా, ఓపిక వచ్చినా చేయాలని లేదా?" మొదటిదైతే అలసట వైపు. రెండోదైతే మనసు గురించి తీరిగ్గా కూర్చుని మాట్లాడాలి. రెండూ కలిసే ఉండవచ్చు, అప్పుడు రెండింటికీ చూడాలి.

కొన్నిసార్లు స్కేలు బయటికి తీయడమే తప్పు. 38 డిగ్రీల సెల్సియస్, అంతకు మించి జ్వరం, చలితో వణుకు, కూర్చున్నా ఊపిరాడకపోవడం, ఛాతీ నొప్పి, రక్తం కారడం, మాట తడబడటం, మనిషి అయోమయంగా ఉండటం, గంటల్లోనే ఒక్కసారిగా కుప్పకూలడం: ఇవి ఉంటే డైరీ మూసి ఆసుపత్రికి ఫోను చేయాలి. తెల్లకణాలు పడిపోయే రోజుల్లో ఇన్‌ఫెక్షన్ మొదటి లక్షణం కొన్నిసార్లు విపరీతమైన నిస్సత్తువే. పదో రోజున, మామూలుగా దిగాల్సిన అంకె 3 నుంచి 8కి ఎగబాకితే జ్వరం లేకపోయినా అడగండి.

ఇంకో సంగతి. చాలామంది అలసటను తగ్గించి చెబుతారు. ఎక్కువ చెబితే కీమో ఆపేస్తారేమోనని, డోసు తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుందేమోనని, ఇంట్లోవాళ్ళు బెంగపడతారని, ఇంత పెద్ద జబ్బులో నీరసం గురించి చెప్పుకోవడం ఏమిటని. ఈ భయాన్ని ప్రశ్నకు ముందే తీయాలి: "ఈ అంకె ఒక్కటి చూసి మీ మందు ఆపరు. ఎక్కువుంటే తగ్గించే దారి వెతుకుతాం, అందుకే అడుగుతున్నాం." ఇంట్లోవాళ్ళు పక్కనుంటే కాగితం రోగి చేతికిచ్చి, కాసేపు ఒంటరిగా వదలండి. చదవడం రానివాళ్ళకు నర్సు చదివి వినిపించాలి, జవాబు అందించకూడదు. "బాగానే ఉన్నారు కదా, రెండు వేయనా?" అన్న మాటతో కొలత అక్కడికక్కడే పాడైపోతుంది.

తీవ్రమైన కారణాలు లేవని తేలాక అలసటను తగ్గించడంలో బలమైన ఆధారం ఉన్నది ఒంటికి తగిన వ్యాయామానికి, మానసిక చికిత్సలకు. ఆ రెండూ మందుల కంటే మెరుగ్గా పనిచేశాయి. నడక మొదలుపెట్టినప్పుడు దాని ఫలితం చూడాలంటే సైకిల్‌లో అదే రోజుతో పోల్చాలి. మొన్నటి సైకిల్ ఐదో రోజు 7, ఈ సైకిల్ ఐదో రోజు 5 అయితే అది మార్పు. ఐదో రోజు 7, పద్దెనిమిదో రోజు 2 అయితే నడిచినా నడవకపోయినా అలాగే దిగి ఉండేది.

ఆఖరి డోసు అయ్యాక డైరీ ఆపేయడం మామూలుగా జరుగుతుంది. కొందరికి అలసట నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అప్పుడు సైకిల్ ఉండదు కాబట్టి రోజు నంబరు అక్కర్లేదు. నెలకోసారి, ఒకే వారం, ఒకే వేళ, అదే ప్రశ్న, అవే మూడు పనులు. మొదటి డోసుకు ముందు నింపిన కాగితాన్ని ఫైలులో అన్నిటికంటే పైన పెట్టుకోండి. తిరిగి చేరాల్సిన చోటు దాని మీదే ఉంది.